దూది దగ్గు

2, సోమవారం

హాస్టల్ వాళ్ల పరుపులు అరవై. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, మందం నాలుగంగుళాలు. పద్నాలుగో తేదీకి ఇచ్చేయాలి. ఇప్పటికి ఎనిమిది అయ్యాయి.

ఇది పుస్తకంలో ముందువైపు రాయాల్సింది. ముందువైపు కొలతలు, వెనకవైపు నా గోడు, రెండూ మధ్యలో కలుసుకున్నాక కొత్త పుస్తకం. పెళ్లయినప్పటి నుంచి ఇదే పద్ధతి. జ్వరం బుర్రతో తిరగేసి పట్టుకున్నాను.

శుక్రవారం నుంచి నాకు ఒళ్లునొప్పులు, తుమ్ములు. ఈ ఏడాది తిరుగుతున్న వైరస్ అల్లాటప్పాది కాదని, ఊపిరితిత్తుల్లోకి దిగితే కష్టమని రేడియోలో చెప్పిన దగ్గర్నుంచి ఇంట్లో ఇద్దరూ నన్ను చూసే చూపు మారింది. న్యాయమే. వీధిలోకి ఏ రోగమొచ్చినా ముందు మా ఇంటి అడ్రసే అడుగుతుంది, లోపలికొచ్చి నా మంచమే ఎక్కుతుంది. ఆయన వ్యాను తీయకుండా గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంకా పోలేదు, వెళ్లి దూది బేళ్లు దించుకోండి అన్నాను.

మా ఆడపడుచు గుమ్మంలో ఆగే రకం కాదు. ఆయనకి చెల్లెలు, నాకు ప్రాణానికి తెగులు. నలభై నాలుగేళ్లలో ఒక్క మాత్ర మింగి ఎరగదు. దూది ఏకే మెషిన్ దగ్గర పొద్దున నిలబడితే చీకటి పడేదాకా కూర్చోదు, అందుకే ఆయన చిన్నప్పటి పేరు తీసేసి ఇంజను అని పెట్టారు. పెళ్లెందుకు చేసుకోలేదే అంటే, మెషిన్ని చేసుకున్నాగా అంటుంది. దగ్గరికి రావద్దంటే వినకుండా మంచం మీదే కూర్చుని నా కాళ్లు పట్టింది.

"వదినా, నువ్వు పోతే ఆ పెద్ద దబ్బనం నాకే. ముందే చెప్తున్నా."

ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు పెద్దలు. మా ఇంట్లో లెక్క అర్ధం దగ్గర ఆగలేదు.

4, బుధవారం

లేచాను. ఆరు పరుపులకి కుట్లు వేశాను. నాకేం కాలేదు. అందరూ కొంచెం నిరాశపడ్డట్టున్నారు.

6, శుక్రవారం

ముప్పై ఒకటో పరుపులో ఉండలు!

కుట్టేశాక పైన చెయ్యి వేసి రాసి చూస్తే తెలిసింది, విప్పి మళ్లీ ఏకే వేళ లేదు. ఇరవై ఏళ్లలో ఇంజను ఏకిన దూదిలో ఆవగింజంత ఉండ చూడలేదు నేను. అడిగితే కళ్లజోడు మార్చాలంది. ఏకడానికి కళ్లజోడెందుకే, చేత్తో తెలుస్తుందిగా అన్నాను. దాంతో మొదలెట్టింది. నా కుట్లు వంకరట, దారం లాగితే నా మొహంలా ముడుచుకుంటుందట, రోగిష్టి చేతులకి ఉండలు కాక ఇంకేం తగులుతాయట. అన్నీ దగ్గుతూనే అంది. దగ్గంటే మామూలు దూది దగ్గు. నాకూ ఉంది, ఆయనకీ ఉంది, మెషిన్‌కి నోరుంటే దానికీ ఉండేది. మాకది లెక్కలోకి రాదు.

దాని చేతిలోంచి పరుపు గుడ్డ లాక్కుంటే చెయ్యి వెచ్చగా తగిలింది. మెషిన్ దగ్గర నిలబడితే ఎవరి చెయ్యైనా వెచ్చగానే ఉంటుంది.

దేవుడా, దీని నోటికి ఒక్కరోజు సెలవిప్పించు.

7, శనివారం

దూది దగ్గే.

9, సోమవారం

నలభై నాలుగు. ఈపాటికి యాభై దాటాలి. ఇంజను నిదానించింది. ఎందుకే అంటే ఉండలు రాకుండా ఏకుతున్నా కదా, తమరి ఆజ్ఞ అంది.

బజారులో ఒక పొడి డబ్బా దొరికింది. 'రోగనిరోధక శక్తి' అని బంగారు రంగు అక్షరాలు. పాలల్లో కలిపి ముగ్గురికీ ఇచ్చాను. ఇంజను మొహం చిట్లించి తాగింది. నోరు చేదుగా ఉందంది. పొడి చేదయ్యుంటుంది. నాది తియ్యగానే ఉంది మరి.

12, గురువారం

మధ్యాహ్నం ఇంజను మెషిన్ పక్కనే కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది, నూటరెండు. జ్వరం ఇవాళే వచ్చింది. ఇవాళే. పొద్దున బాగానే ఉంది.

మిగిలిన నాలుగు పరుపులకి నేనే ఏకాను. అన్నింట్లోనూ ఉండలే అయ్యుంటాయి. తిట్టడానికి ఎవరూ లేరు.

14, శనివారం

ఆయన అరవై పరుపులూ హాస్టల్లో దించి వచ్చారు. వస్తూ మందుల షాపులో, వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజన్ చూసే క్లిప్పు తెచ్చారు. నా వేలికి తొంభై ఎనిమిది. ఆయనకి తొంభై ఏడు. ఇంజనుకి తొంభై ఒకటి. దాని చెయ్యి చల్లగా ఉంది కాబట్టి అనుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. తొంభై.

ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట పట్టడం లేదు దానికి. పొడి కలిపిన పాలు మూడుసార్లు ఇచ్చాను.

15, ఆదివారం

ఆస్పత్రిలో పెట్టాం. ముక్కుకి గొట్టాలు, ఒక గంటకి మొహానికి మాస్కు. మంచం తలవైపు గోడకి గాజు గొట్టం ఉంది, అందులో చిన్న గుండు తేలుతుంటుంది. గుండు ఎంత పైకుంటే అంత ఆక్సిజన్ పెడుతున్నట్టు. ఇవాళ ఆరు దగ్గర ఉంది.

నర్సమ్మ కాగితం పట్టుకుని అడిగింది, జబ్బు ఎన్ని రోజుల నుంచి అని.

"నాలుగు రోజులండి," అన్నాను. "గురువారం నుంచి."

"దగ్గు?"

"దగ్గు మా పనిలో అందరికీ ఉండేదేనండి. దూది దగ్గు. దాన్ని లెక్కలో వేసుకోకండి."

ఆమె నాలుగు అని రాసుకుంది. ఇంజను నావైపు చూసింది. మాస్కు ఉందిగా, ఏం మాట్లాడుతుంది.

16, సోమవారం

గుండు ఎనిమిది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కళ్లజోడు మాటిమాటికీ పైకి తోసుకుంటుంది. నాలుక కరుచుకునేలోపే 'ఈ పిల్లకేం తెలుసు' అనేశాను.

ఒంటి రక్షణని తగ్గించే మందొకటి ఉందట. ఈ వైరస్‌కి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన వాళ్లకి వాడుతున్నారట. "కానీ మీ ఆడపడుచుకి నిన్నటికి నాలుగో రోజే అన్నారు. ఇంకా వైరస్ పెరిగే రోజులివి. ఇప్పుడే రక్షణ తగ్గిస్తే దానికి మనమే తలుపు తీసినట్టవుతుంది. ఇంకాస్త చూసి ఇద్దాం" అంది.

రక్షణ తగ్గించే మందేమిటి, వినడానికే వికారంగా ఉంది. ఆలస్యమైతే మంచిదేలే అనుకున్నాను.

దాని నోటికి సెలవు అడిగాను కదా. పది కోరికలు కోరితే ఒక్కటి తీర్చని దేవుడు దీన్ని మాత్రం పట్టుకుని తీర్చాడు.

17, మంగళవారం

ఇవాళ్టిది అంతా రాయాలి. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ఆయన వ్యానులో ఒక పరుపు వెనక్కి వచ్చింది. హాస్టల్ వార్డెన్ పంపించాడు. దీని మీద పడుకున్న కుర్రాడికి నడుం పట్టేసింది, మార్చి ఇవ్వండి అని. ఆయన దాన్ని పెరట్లో పడేసి, చెల్లెల్ని చూడటానికి వెళ్తూ, దీన్ని తర్వాత చూద్దువుగానిలే అన్నారు. నాకు ఆస్పత్రి వేళ పదకొండింటికి. అంతవరకూ ఖాళీ చేతులతో కూర్చుంటే పిచ్చెక్కుతుందని కుట్లు విప్పాను.

ఉండలు. పిడికిలంత ఉండలు. మెషిన్ సగం నమిలి వదిలేసినట్టున్న దూది. వేళ్లతో విడదీస్తూ తిట్టుకున్నాను, తిట్టుకుంటూనే మూల విప్పాను. మూలలో లోపలివైపు దాని గుడ్డ ముక్క ఉంటుంది. ప్రతి పరుపుకీ నంబరూ తేదీ ఇంజనే రాసి పెడుతుంది, అచ్చుగుద్దినట్టుండే అక్షరాలు. దీని మీద 'ముప్పై ఒకటి, ఆరో తేదీ' అని ఉంది. అక్షరాలు గీత దిగి కిందికి జారిపోయాయి. ఆ చెయ్యి ఆరోగ్యంగా ఉన్న మనిషి చెయ్యి కాదు.

ఆరో తేదీ.

పుస్తకం తెచ్చి వెనకవైపు తెరిచాను. 'అన్నీ దగ్గుతూనే అంది.' 'చెయ్యి వెచ్చగా తగిలింది.' 'దూది దగ్గే.' 'నోరు చేదుగా ఉందంది.' అన్నీ నేను రాసినవే. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జబ్బు ఎప్పుడొచ్చిందో నా చేత్తో రాసుకుని, ఆస్పత్రిలో నాలుగు రోజులని చెప్పి వచ్చాను. చూడలేదా అంటే చూశాను. చూసి, మెషిన్ వేడి అని రాశాను. అరవై పరుపులు కావాలి నాకు. ఆ రోజు దాన్ని పడుకోమంటే పరుపులు ఆగిపోతాయి. అదీ నిజం. ఇంకా కింద ఇంకో నిజముంది. నాకొచ్చిన జ్వరమే దానికి అంటింది. ఒప్పుకుంటే అది నేను తెచ్చినట్టవుతుంది.

దూది అలాగే పెరట్లో వదిలేసి, పుస్తకం చంకలో పెట్టుకుని నడిచాను. సగం దూరం పరిగెత్తాను. ఈ వయసులో.

డాక్టరమ్మ వరండాలోనే దొరికింది. నోటితో చెప్పబోతే ఏడుపొచ్చింది, పుస్తకం ఇచ్చేశాను. ఆమె ఆరో తేదీ పేజీ చదివింది. 'దేవుడా, దీని నోటికి' అన్న దగ్గర ఒక్క క్షణం ఆగింది. తలెత్తి చూడలేదు. దానికే ఆమెకి సగం దణ్ణం పెట్టేశాను మనసులో.

వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఇవాళ పన్నెండో రోజమ్మా. నాలుగు రోజుల జ్వరానికి రక్త పరీక్షలో ఇంత వాపు చూపిస్తోందేంటా అని నిన్నటి నుంచీ అనుమానంగానే ఉంది. సాయంత్రం పెద్ద డాక్టరుగారిని అడుగుదామనుకున్నా. ఇక సాయంత్రం దాకా ఎందుకు?"

ఆయనా వచ్చి నిలబడ్డారు. ఆమె ఇద్దరికీ కలిపి చెప్పింది. నాకు అర్థమైంది అర్థమైనట్టు రాసుకుంటాను. వైరస్ లోపలికొస్తే దాన్ని పట్టుకోవడానికి ఒంట్లో రక్షణ కణాలు బయల్దేరతాయి. జ్వరమూ ఒళ్లునొప్పులూ వాటి హడావిడే. పని కాగానే అవి ఆగాలి. కొందరిలో ఆగవు. ఇంజను ఊపిరితిత్తుల్ని ఇప్పుడు పాడుచేస్తున్నది వైరస్ కంటే ఎక్కువగా దాని ఒంటి రక్షణే. లోపల వాపు, గాలి ఉండాల్సిన చోట నీరు. అందుకే గుండు పైకి పోతోంది. ఆ ఉధృతిని తగ్గించాలి.

"ఉన్న బలం తీసేస్తారా?" నా గొంతు వరండా అంతా వినపడింది. "బలం రావాలని నేను రోజుకి మూడుసార్లు పొడి పెడుతుంటే?"

మా ఆయన జన్మలో ఎప్పుడోగానీ మాట్లాడరు. ఇప్పుడు మాట్లాడారు.

"కంచే చేను మేస్తోందంటున్నారే. నువ్వు కంచెకి ఎరువేశావన్నమాట."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "పొడికి అంత సీను లేదండి. దాంతో మంచీ లేదు, చెడూ లేదు." తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "కంచె మొత్తం పీకెయ్యం అమ్మా. మేత ఆపుతాం. షుగర్ పెరగొచ్చు, ఇంకేదైనా ఇన్ఫెక్షన్ రావొచ్చు. రెండూ రోజూ చూసుకుంటాం."

అడగాల్సింది అడిగేశాను. "ఇద్దరికీ ఒకటే జబ్బు కదా. నాలాంటి పుచ్చు వంకాయని వదిలేసి దానిలాంటి ఇనప మనిషి మీద పడిందేంటి?"

"బలం ఒక్కటే కాదమ్మా, వేళ కూడా ముఖ్యం. మీ ఒళ్లు మొదటిరోజే గోల చేసి పని తొందరగా ముగించి ఉండొచ్చు. ఆమె ఒళ్లు ఆలస్యంగా మేలుకుని ఉండొచ్చు. అప్పటికి వైరస్ బాగా పెరిగిపోయి ఉంటుంది, దాంతో ఉన్న బలగమంతా ఒక్కసారి మీద పడుతుంది. ఈమె విషయంలో కచ్చితంగా ఇదే అని మాత్రం మాకూ తెలీదు."

మాకూ తెలీదు అన్న డాక్టర్ని మొదటిసారి చూశాను. ఆ మాటకే నాకు ఆమె మీద గురి కుదిరింది. ఇయ్యండమ్మా అన్నాను, నా అనుమతి కోసం ఎవరో ఆగినట్టు. మూడింటికల్లా సూది వేశారు.

చిన్నదానికీ పెద్దదానికీ గోల చేస్తుందని ఈ ఒంటిని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఇవాళ బల్ల మీద కూర్చుని దానికి నమస్కారం పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్నాయన తనకే అనుకుని తిరిగి పెట్టాడు.

18, బుధవారం

గుండు పది.

19, గురువారం

పదే. పెరగలేదు. పెరగలేదంటే తగ్గినట్టే అంటున్నారు ఆయన. కాదు.

నర్సమ్మ ఇంజనుని బోర్లా పడుకోబెట్టాలని చూస్తోంది. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనకభాగానికి గాలి బాగా అందుతుందట. కానీ పొట్ట నొక్కుకుపోయి ఇంజను పది నిమిషాలు కూడా ఉండలేకపోతోంది. నర్సమ్మ రెండు దిండ్లు అక్కడా ఇక్కడా తోస్తోంది, అవి జారిపోతున్నాయి.

చూస్తూ నిలబడటం నావల్ల కాలేదు. "అమ్మా, నేను పరుపులు కుట్టేదాన్ని. ఎక్కడ ఎత్తు కావాలో, ఎక్కడ ఖాళీ కావాలో చెప్పు" అన్నాను. కొలతలు ఇచ్చింది. రొమ్ము కింద ఒకటి, తుంటి కింద ఒకటి, పొట్ట గాల్లో ఉండాలి. మొహానికి మధ్యలో ఖాళీ ఉన్న దిండు, మాస్కు గొట్టం పోవడానికి పక్కన దారి. "దూది మాత్రం వద్దు. నూగు లేస్తుంది. ఫోమ్ పెట్టి, తుడవడానికి వీలుగా రెగ్జిన్ వేసి కుట్టండి."

ఫోమ్! ఫోమ్ అమ్మే షాపు మెట్టెక్కకూడదని ఇరవై ఏళ్ల కిందట ఒట్టేసుకున్నాం నేనూ ఇంజనూ. ఎక్కాను. ఒట్టు గట్టు మీద పెట్టి, మూడు గంటల్లో మూడు దిండ్లు కుట్టి తెచ్చాను. చేతులు ఎక్కడా తడబడలేదు.

20, శుక్రవారం

దిండ్ల మీద బోర్లా రెండు గంటలు పడుకుంది! క్లిప్పు తొంభై మూడు చూపించింది. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆమె కడుపు చల్లగా ఉండాలి. ఆమె కాళ్లకి నొప్పులనేవి రాకూడదు. పొద్దుటి నుంచి ఆమె కూర్చోగా నేను చూడలేదు.

గుండు పది.

21, శనివారం

పది. దేవుడా, అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను. దాని నోరు దానికిచ్చెయ్యి. నన్నేమన్నా పడతాను.

22, ఆదివారం

ఎనిమిది.

కళ్లు సరిగ్గా చూశాయో లేదోనని ఆయన్ని చూడమన్నాను. ఆయన నర్సమ్మని చూడమన్నారు. ఎనిమిదే.

23, సోమవారం

ఎనిమిది. షుగర్ కొంచెం పెరిగింది, దానికో సూది. డాక్టరమ్మ చెప్పిందే జరిగింది, చెప్పిందే చేశారు. నాకు భయం వేయలేదు.

24, మంగళవారం

ఆరు.

బోర్లా పడుకున్న ఇంజను చెయ్యి కదిలించింది. దగ్గరికి రమ్మంటోందని వంగాను. దిండు ఖాళీలోంచి, మాస్కులోంచి, గాలి చప్పుడు మధ్య దాని గొంతు. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట.

"దిండుకి ఈ బొక్కేంటి వదినా... ఎలక కొరికిందా?"

కాసేపు ఊపిరి తీసుకుని, రెగ్జిన్ అంచు మీద వేలు పెట్టి చూపించింది.

"కుట్టు వంకర."

బయటికొచ్చి వరండాలో ఏడ్చాను. ఆయన కంగారుపడి లోపలికి పరిగెత్తారు. కుట్టు వంకరట అండీ, కుట్టు వంకరట అని చెప్తూనే ఉన్నాను.

26, గురువారం

నాలుగు. మాస్కు తీసి ముక్కు గొట్టాలు పెట్టారు. మందు ఇవాళ్టితో ఆపేస్తారు. ఫోమ్ మీద పడుకోబెట్టి నన్ను అవమానించావు అంది.

28, శనివారం

రెండు. నర్సమ్మ ఆ దిండ్లు ఇక్కడే వదిలిపెట్టమని అడిగింది. పక్క వార్డులో ఒకాయనకి కావాలట. ఇంకో రెండు జతలు కుట్టి ఇస్తానన్నాను. వంకర లేకుండా.

1, మంగళవారం

ఇంటికొచ్చింది. గుమ్మం నుంచి మంచం దాకా ఆరడుగులు నడవడానికి మధ్యలో ఒకసారి ఆగింది. ఇంజను ఆగడం నేను చూడలేక వంటింట్లోకి వెళ్లాను. పూర్వపు ఓపిక రావడానికి నెలలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పట్టనీ. నెలలు ఉన్నాయి దానికి.

ఆరో తేదీ సంగతి దానికి చెప్పాలి. నాలుగు రోజులని నేనే తప్పు చెప్పానని, నా జ్వరమే దానికి అంటిందని. రేపు చెప్తాను.

2, బుధవారం

నీరసంగా ఉంది. ఇవాళ వద్దు.

3, గురువారం

ఇవాళ నవ్వింది. నవ్వే మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

4, శుక్రవారం

చెప్పకపోయినా ఫర్వాలేదేమో. బతికింది కదా.

5, శనివారం

వదిన మెషిన్ దగ్గరుంది. దూదిని చంపుతోంది, ఇక్కడికే వినపడుతోంది.

ఇది నేను, ఇంజనుని. కొత్త ఆర్డరు కొలతలు చూద్దామని పుస్తకం తీసి తిరగేసి తెరిచాను. తెరిచాక ఊరుకుంటానా, మొత్తం చదివాను. వదినా, నువ్వు నోటితో తిట్టేదాని కంటే రాసి తిట్టేదే బాగుంది.

ఆరో తేదీ నాకు జ్వరమని నీకంటే ముందు నాకే తెలుసు. ముప్పై ఒకటో పరుపుకి ఏకుతుంటే చేతులు వణికాయి. కళ్లజోడు మాట అబద్ధం. చెప్తే నీవల్లే అంటిందని నువ్వు మళ్లీ మంచం పట్టేదానివి. అప్పుడే కదా లేచావు. నువ్వు రావద్దన్నా మంచమెక్కి కూర్చుంది నేను, నువ్వు నన్ను లాగి కూర్చోబెట్టుకోలేదు. ఆస్పత్రిలో నాలుగు రోజులని నువ్వన్నప్పుడు కాదని చెయ్యి ఊపొచ్చు. ఊపలేదు. నాలుగంటే చిన్న జబ్బులా వినిపించింది. నాక్కూడా అదే నమ్మాలనిపించింది. భయమేసింది వదినా. నాకు భయమేయడం అదే మొదలు, దాన్నేం చేయాలో తెలీలేదు.

కాబట్టి తప్పులో సగం నాది. ఆడపడుచు అర్ధమొగుడన్నావుగా. సగం నేను మోస్తాను, మిగతా సగం నువ్వు మొయ్యి. మొత్తం నీ ఒక్కదాని నెత్తినే పెట్టుకుని తిరగకు, మెడ వంకరపోతుంది. కుట్లే వంకర, చాలు.

నా నోటికి ఒక్కరోజు సెలవడిగావు. తొమ్మిది రోజులిచ్చాను. ఇక జన్మలో లేదు.

6, ఆదివారం

నా పుస్తకంలో దొంగతనంగా రాసినందుకు పొద్దున ఉతికి ఆరేశాను. ఎదురు చెప్పకుండా విన్నది, ఓపిక లేక. తర్వాత దాని పక్కనే మంచం మీద కూర్చుని కాళ్లు పట్టాను. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. సగం బరువు దిగిన మాట నిజం.

హాస్టల్‌కి కొత్త పరుపు పంపించాం. పెరట్లో విప్పేసిన ముప్పై ఒకటోది మళ్లీ ఏకి కుడతానంటే, అలాగే కుట్టి తన మంచానికి వెయ్యమంది. ఉండలుంటాయే, నడుం పడుతుంది అన్నాను. నేనేకిన ఉండలు, నన్నేం చేస్తాయి అంది. వేశాను.

ఇవాళ రెండుసార్లు దగ్గింది. పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం నిద్ర లేచాక. జ్వరం లేదు, క్లిప్పు తొంభై ఆరు. ఆయన ఒకసారి, నేను మూడుసార్లు. అన్నీ ముందువైపు కొలతల పక్కనే రాశాను. ఇకనుంచి ఈ ఇంట్లో దగ్గులన్నీ లెక్కలోకి వస్తాయి.

సాయంత్రం మెషిన్ దగ్గర ఏకుతుంటే గదిలోంచి అరుపు. ఉండలొస్తున్నాయి వదినా, చప్పుడుకే తెలుస్తోంది, ఆ చేతులు చేతులా, పారలా అని. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ అందుకుంది. నేను మెషిన్ ఆపేసి, తిట్లన్నీ అయ్యేదాకా వింటూ నిలబడ్డాను.